గట్టవతలి మట్టి

హసన్‌పర్తి చెరువు కింద ఉన్న రెండెకరాలను అన్నదమ్ములు పంచుకున్న రోజున చీటీలు వేశారు. చెరువు వైపు నల్లనేల పెద్దవాడు వెంకట్రాజానికి వచ్చింది. మీదివైపు ఎర్రచెల్క చిన్నవాడు రాంప్రసాద్‌కు పోయింది. చెల్క అంటే ఇసుక పాలు ఎక్కువ, నీళ్ళు పోస్తే పోసినట్టే మాయం. రాంప్రసాద్ భార్య వినోద రెండు రోజులు అన్నం ముట్టలేదు. వెంకట్రాజం భార్య చిలుకమ్మ వెళ్ళి తోటికోడలి పక్కన కూర్చుని, "ఊకో చెల్లె, చెల్కల గూడ ఏదో ఒకటి పండకపోతదా" అని వీపు నిమిరింది. పైకి ఓదార్పే. లోపల మాత్రం ఏనుగెక్కినంత సంబరం. పద్దెనిమిదేళ్ళ కింద పడ్డ ఆ సంబరం ఒకనాడు ఎదురు తిరిగి తననే కాల్చుకు తింటుందని ఆమెకేం తెలుసు పాపం!

చిలుకమ్మ మొదట ముల్లంగి పెట్టింది, తర్వాత బీట్‌రూట్, ఆ తర్వాత క్యారెట్. ఆ చుట్టుపక్కల క్యారెట్ వేసిన మొదటి మనిషి ఆమే. ఊళ్ళో వాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకుంది. క్యారెట్ వేసిన మూడో ఏట వరంగల్ మట్టెవాడ నుంచి గౌస్ పాషా ట్రాలీ ఆటో వేసుకొని వచ్చాడు. గౌస్ పాషా అంటే పెళ్ళి వంటల పాషా. వరంగల్‌లో ఆయన గాజర్ హల్వా తినడానికే పెళ్ళికి పోయేవాళ్ళున్నారు. ఆయన గట్టు మీద నిలబడి ఒక గడ్డ పీకించుకొని, చొక్కాకు తుడిచి, కొరికి, కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచి, "చిలుకక్కా, నీ గాజర్‌కు చక్కెర సగం చాలు" అన్నాడు.

ఆ మాటను చిలుకమ్మ తొమ్మిదేళ్ళు మోసింది. కిరాణా కొట్టులో చెప్పింది, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆడమనిషికి చెప్పింది, పంటి నొప్పికి దవాఖానకు పోయి డాక్టరమ్మకూ చెప్పింది. ఏటా మాఘమాసం పెళ్ళిళ్ళకు ముందు పాషా రావడం, కొరకడం, కళ్ళు మూసుకోవడం. ఆ కళ్ళు మూసుకునే క్షణం కోసమే ఆమె మిగతా పదకొండు నెలలు నడుం వంచిందంటే అబద్ధం కాదు.

మూడేళ్ళ కింద వినోద తన చెల్కలో క్యారెట్ గింజ చల్లింది.

చల్లితే చల్లింది, ఆ ఇసుకలో ఏం ఊరుతుందిలే అని చిలుకమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది. తవ్వకం నాడు గట్టు మీద నిలబడి చూసి నోరు తెరిచింది. వినోద ఆకు పట్టుకొని ఇలా లాగితే గడ్డ అలా వచ్చేస్తోంది. పార అక్కర్లేదు, గడ్డపార అక్కర్లేదు. జానెడు పొడవు, ఒక్క వంకర లేదు, ఒక్క వెంట్రుక లేదు, మట్టి కూడా అంటలేదు. తన నేలలో గడ్డ పీకాలంటే మనిషి చెమటకు తడిసిపోవాలి. వచ్చాకైనా తిన్నగా ఉంటుందా! మట్టిపెడ్డ అడ్డమొస్తే పక్కకు తిరుగుతుంది, ఇంకో పెడ్డ వస్తే రెండు కాళ్ళు వేస్తుంది.

ఆ ఏడే పాషా ట్రాలీ గట్టు దాటి అటు పోయింది. "ఏమనుకోకు చిలుకక్కా, చెక్కు తీసే ఆడోళ్ళు గోల జేస్తున్నరు. నీ గడ్డకు సందులెక్కువ, మట్టి పోతలేదు అంటున్నరు" అని మర్యాదగానే చెప్పి, ఊరికే పోలేక ఆమె దగ్గర నాలుగు కట్టలు కొత్తిమీర తీసుకున్నాడు. కొత్తిమీర! తొమ్మిదేళ్ళు గడ్డ కొరికి కళ్ళు మూసుకున్న మనిషి కొత్తిమీర కొనుక్కొని పోయాడు. చిలుకమ్మ ఆ పూట ఇంటికి పోయి పొయ్యి ముట్టించలేదు.

అప్పటి నుంచి ఆమెకు ఒళ్ళంతా అదే మంట. వినోద నవ్వితే తనను చూసి నవ్వినట్టుంది. నవ్వకపోతే పొగరెక్కినట్టుంది. వినోద "అక్కా, చాయ తాగుదువు రా" అని పిలిస్తే, "తాగిన" అని తాగకుండానే చెప్పేది. సాయంత్రాలు కలుపు తీసే నెపంతో గట్టు పక్కనే కూర్చుని అటు ఏం చల్లుతున్నారు, ఎప్పుడు చల్లుతున్నారు అని ఓరకంట చూసేది. చెల్కలోకి ఒక సంచి దిగితే చాలు, అందులో ఏముందో తెలిసేదాకా ముద్ద దిగదు.

"నీ కడుపుల మంట మీద అన్నం వండొచ్చే, గ్యాస్ అన్న మిగుల్తది" అన్నాడు వెంకట్రాజం ఒకరోజు.

"నీకేం, నువ్వు తిని పండుకుంటవ్. నీ తమ్ముని పెండ్లాం ఆ మట్టిల ఏందో ఏస్తాంది. ఏం ఏస్తాందో తెల్వాలె నాకు."

"పోయి అడుగరాదు?"

అడగడమా! చిలుకమ్మ ప్రాణం పోయినా అడగదు.

నిరుడు మే నెలలో ఏఈవో మేడం ప్రేమలత రైతులందరినీ పిలిచి, మట్టి పరీక్షలు చేయిస్తున్నాం, ఎవరి చేను మట్టి వాళ్ళు తెచ్చివ్వండి అని చెప్పింది. మేడం అంటే ఆ నాలుగు ఊళ్ళకూ వ్యవసాయం సంగతులు చూసే అధికారి, స్కూటీ మీద తిరుగుతుంది, మాట సూటిగా ఉంటుంది. చేనులో ఎనిమిది చోట్ల జానెడు లోతు గుంత తీయాలి, గుంత గోడ నుంచి మట్టి గీకాలి, అంతా కలిపి అరకిలో సంచిలో పోయాలి. సంచులు పంచడం, మళ్ళీ పోగుచేసి చీటీ మీద పేరు రాసి ల్యాబుకు పంపడం మహిపాల్ పని. మహిపాల్ నలభై దాటిన మనిషి, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, ఇద్దరు ఆడపిల్లల తండ్రి.

సంచి చేతిలో పడగానే చిలుకమ్మకు ఒక ఆలోచన వచ్చింది. తన మట్టి సంగతి తనకు తెలియనిదా? తెలియాల్సింది అవతలి మట్టి సంగతి.

మరునాడు మిట్టమధ్యాహ్నం, ఊరంతా ఫ్యాన్ల కింద ముడుచుకున్న వేళ, ఆమె గంప, పార పట్టుకొని గట్టు దాటింది. యాభై ఏళ్ళు దాటిన మనిషి, జీవితంలో ఒకరి కరివేపాకు రెమ్మ కూడా అడగకుండా తుంచనిది, ఇవాళ మరిది చెల్కలో మట్టి దొంగతనానికి దిగింది. దొంగతనమైనా పద్ధతిగానే చేసింది. మేడం చెప్పినట్టు ఎనిమిది చోట్ల గుంతలు తీసి, గోడలు గీకి, మళ్ళీ పూడ్చి, పైన కాలితో సదిరింది. పార దింపుతుంటే మట్టి వెన్నలా లొంగుతోంది. దాని అదృష్టం చూడు అని పళ్ళు నూరుకుంది.

తిరిగి వస్తుంటే తన నల్లనేలలో అక్కడక్కడ ఎవరో తవ్వి పూడ్చినట్టు కొత్త గుంతలు కనిపించాయి. "పందులు చావ! నా చేనే దొరికిందా మీకు" అని తిట్టుకుంటూ ఇంటికి పోయింది. మహిపాల్ వచ్చి సంచి తీసుకొని, "పేరు చిలుకమ్మనే గదా" అని రాసుకున్నాడు. "మల్ల ఎవలది?" అని గద్దించింది.

వానాకాలంలో కార్డులు వచ్చాయి. చిలుకమ్మ ఏడో తరగతి దాకా చదివింది, తలుపు గడియ పెట్టి మరీ చదువుకుంది. ఎర్ర ఇసుకనేల. నత్రజని తక్కువ. పొటాష్ తక్కువ. సేంద్రియ పదార్థం తక్కువ. కింద యూరియా ఎంత వేయాలో, పొటాష్ ఎంత వేయాలో, పశువుల ఎరువు ఎంత తోలాలో రాసి ఉంది. ఆమె కళ్ళు మెరిశాయి. అన్నీ తక్కువే! నేలలో ఏమీ లేదు, మహిమంతా వేసే దాంట్లోనే ఉంది. ఇదిగో, వేసేది ఇదే. దాని నేలకు ఇది వేస్తేనే గడ్డ అట్లా వచ్చిందంటే, బలమైన తన నేలకు వేస్తే ఇంకెట్లా రావాలి! ఇది ఆమె లెక్క. అసూయపడ్డ మనిషి లెక్క ఎక్కడైనా తిన్నగా ఉంటుందా?

కార్డును బియ్యం డబ్బాలో దాచింది. ఏం ఎరువు వేస్తున్నావని వెంకట్రాజం అడిగితే, "కార్డుల రాసిందే" అంది. కార్డులో రాసినదానికి పైన ఇంకో అరబస్తా యూరియా చల్లింది, వినోదకంటే ఒక మెట్టు పైన ఉండాలని. పశువుల ఎరువు కూడా మాగేదాకా ఆగలేదు, కొట్టంలోని పచ్చిపేడ తట్టలకొద్దీ తోలింది. అటు చూస్తే వినోద ఈసారి చెల్కలో ఏమీ చల్లడం లేదు. ఒక్క సంచి దిగలేదు. ఖాళీ చేతులతో తిరుగుతోంది. దీనికి పోయేకాలం వచ్చిందిలే అనుకొని చిలుకమ్మ చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

పైరు చూడాలి ఇక! మోకాలెత్తు ఆకు, నల్లగా, మిలమిలలాడుతూ. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. గట్టవతల వినోద పైరు పసుపు తిరిగి, పలచగా, జ్వరం పడి లేచిన మనిషిలా ఉంది. ఈ చలికాలం పాషా మళ్ళీ తన గట్టు మీదికి రావాలి, తన గడ్డ కొరికి కళ్ళు మూసుకోవాలి, అది వినోద చూడాలి. చిలుకమ్మకు కావలసింది అంతే. చీర కూడా తీసి పెట్టుకుంది ఆ రోజు కట్టుకోవడానికి.

జనవరి ఆఖరున పాషా వచ్చాడు. ఆకు చూసి, "మాషా అల్లా, చిలుకక్కా! ఈసారి నీదే" అన్నాడు. చిలుకమ్మ కొత్త చీర కుచ్చెళ్ళు పైకి దోపుకొని గడ్డపారతో తవ్వింది. మొదటి గడ్డ వచ్చింది. నిలువునా పగిలి ఉంది. రెండోది లాగు తొడుక్కున్నట్టు రెండు కాళ్ళతో వచ్చింది. మూడో దానికి ఒళ్ళంతా వెంట్రుకలు. నాలుగు, అయిదు, ఆరు... తవ్విన కొద్దీ అదే వరస. పాషా ఒకటి కొరికి చూశాడు. కళ్ళు మూసుకోలేదు. పక్కకు తిరిగి ఉమ్మేశాడు. "నీళ్ళలెక్కున్నది అక్కా" అన్నాడు మెల్లగా.

అటు నుంచి వినోద దగ్గరికి పోయాడు. అక్కడ గడ్డలు తిన్నగానే ఉన్నాయి కానీ ఒక్కొక్కటీ చిటికెనవేలంత. పాషా నెత్తి పట్టుకున్నాడు. "పెండ్లిళ్ళు పెట్టుకొని ఇద్దరు గిట్ల జేసిన్రేంది? చెక్కు తీస్తే ఏం మిగుల్తది దీంట్ల? ఇగ మార్కెట్ల ఊటీ గాజర్ కొనుక్కుంట" అని ఖాళీ ట్రాలీతో వెళ్ళిపోయాడు.

చిలుకమ్మ గట్టు మీద కూలబడింది. గుండెలో రాయి పడ్డట్టే ఉంది. కానీ అవతల వినోద కూడా కూలబడి ఉండటం చూస్తే, నిజం చెప్పాలంటే, ఆ రాయి సగం తేలికైంది.

రెండు రోజులకు ప్రేమలత వచ్చింది, వెనక బండి మీద మహిపాల్. పంట చూసి మేడం మొహం చిట్లించింది. "కార్డు ఇచ్చింది దేనికి? చూసుకోలేదా మీరు? తేండి ఇద్దరివి."

వినోద కొంగున దాచుకున్న కార్డు తీసింది. చిలుకమ్మ ఇంటికి పోయి బియ్యం డబ్బాలోంచి తెచ్చింది. మేడం రెండూ పక్కపక్కన పెట్టి చదివింది. చిలుకమ్మ చేనులో గుప్పెడు మట్టి తీసి, సీసాలో నీళ్ళు చిలకరించి, అరచేతుల మధ్య రుద్దింది. మట్టి జంతికలా సాగింది. గట్టు దాటి వినోద మట్టి తీసి అదే చేసింది. అది ముద్ద కాకుండానే రాలిపోయింది.

"చిలుకమ్మా, నీది బంకమట్టి. నత్రజని ముందే మస్తుగుంది. కార్డుల ఇసుకనేల అని ఉంది, యూరియా వేయమని ఉంది. నువ్వు వేసినవు. దానికితోడు పచ్చిపేడ. బలమంత ఆకుకు పోయింది, గడ్డ పగిలింది, కాళ్ళు వేసింది. వినోదా, నీది వట్టి ఇసుక. నీ కార్డుల నల్లనేల, బలమెక్కువ, ఏం వేయొద్దు అని ఉంది. నువ్వు వేయలేదు. గడ్డ ఊరలేదు." ఆమె మహిపాల్ వైపు తిరిగింది. "చీటీలు తారుమారు చేసినవు గదా! నీ తప్పుకు రెండు ఇండ్ల పంట పోయింది. పై సార్లకు నేనేం చెప్పాలె? నిన్ను ఉంచమని ఏ మొహంతోటి చెప్పాలె?"

"మేడం, వాళ్ళు ఇచ్చిన సంచికి వాళ్ళ ముందటనే పేరు రాసిన మేడం. నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు మహిపాల్.

చిలుకమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడింది. తన సంచిలో వినోద మట్టి ఎలా వచ్చిందో తనకు తెలుసు. అది తన పాపం. మరి వినోద సంచిలో? వినోద తన మట్టి తాను ఇచ్చి ఉంటే రెండు కార్డులూ ఇసుకనేల అనే కదా రావాలి? నల్లనేల అని ఎలా వచ్చింది? అప్పుడు గుర్తొచ్చాయి మే నెలలో చేనులో కనిపించిన గుంతలు. అచ్చం తాను తీసినట్టే, తవ్వి పూడ్చినవి. పంది ఎక్కడైనా తవ్విన గుంత పూడుస్తుందా!

తల తిప్పి చూసింది. వినోద తన కాలి వేళ్ళ వంక చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

కోపం రావాలి. రాలేదు. ఎక్కడో కడుపు అడుగు నుంచి ఒక సంతోషం పొంగుకొచ్చింది, పంపకాల నాటి సంబరం దాని ముందు దిగదుడుపే. ఇది నా మట్టి దొంగిలించింది! తిన్నని గడ్డలు పండించే మనిషి, పాషాను ఎగరేసుకుపోయిన మనిషి, నా మట్టి కోసం ఎండలో గట్టు దాటింది! ఎందుకు? ఆ ఎందుకు తెలియాలంటే ముందు తాను నోరు విప్పాలి.

మేడం ఫోన్ తీసింది. మహిపాల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆగు మేడం" అంది చిలుకమ్మ. "ఆయనను ఏమనకు. నా సంచిల మట్టి నాది గాదు. దీని చెల్కలది. నేనే తోడుకొచ్చిన."

మేడం చెయ్యి ఫోన్ మీదే ఆగిపోయింది. చిలుకమ్మ అంతటితో ఊరుకొని, చేతులు కట్టుకొని, తోటికోడలి వైపు తిరిగి నిలబడింది. నేను చెప్పిన, ఇగ నువ్వు చెప్పు అన్నట్టు.

వినోద బొటబొటా ఏడ్చేసింది. "నేను గూడ, మేడం. నేను గూడ అక్క చేన్లకెళ్ళే తెచ్చిన."

"ఇద్దరూనా?" అని మేడం ఒక్కసారి మహిపాల్‌ను చూసి, ఫోన్ సంచిలో పడేసి, గట్టు మీద కూర్చుండిపోయింది. ఆమెకు తిట్టాలో నవ్వాలో తెలియలేదు. మహిపాల్ రుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నీకేం తక్కువాయెనే?" అంది చిలుకమ్మ. "నీ గడ్డ బాణం లెక్కొస్తాంది. పాషా భాయ్ నీ కాడికే వస్తాండు. నా మట్టి నీకెందుకు?"

"వస్తే ఏంది, అక్కా? వచ్చినప్పుడల్లా నా గడ్డ కొరుకుతడు, గదే మాట అంటడు. 'చూసుడుకు బాగుంది వినోదమ్మా, చిలుకక్క గాజర్ తీపి మాత్రం రాలే. చక్కెర డబుల్ ఏస్తాన' అంటడు. మూడేండ్ల సంది అంటాండు. ఇంటికి పోయి ఏడ్సేదాన్ని. నీ మట్టిల ఏముందో సూద్దామని తెచ్చిన. ఏం వేయొద్దని కార్డుల ఉంటే, గట్లయితెనే తీపొస్తదనుకున్న..."

చిలుకమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఏమన్నడు?"

"చిలుకక్క గాజర్ తీపి రాలే అన్నడు."

"చక్కెర?"

"డబుల్ ఏస్తాన అన్నడు."

"మల్ల చెప్పు" అంది చిలుకమ్మ.

వినోద ముక్కు తుడుచుకొని మళ్ళీ చెప్పింది. మూడేళ్ళుగా పాషా తనకు చెప్పకుండా తీసుకెళ్ళి వినోదకు చెప్పిన మాట. తన మాట. ఇవాళ దాన్ని ఆ నోటి నుంచే, ఏడుపుతో కలిపి వింటోంది. చిలుకమ్మకు కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

మేడం తేరుకొని ఇద్దరికీ చెరో కొత్త సంచి ఇచ్చింది. "ఎవరి మట్టి వాళ్ళు. నా కండ్ల ముందట తవ్వాలె" అంది. పచ్చిపేడ జన్మలో గడ్డ పంటకు తోలొద్దని చిలుకమ్మకు, మాగిన ఎరువు లేకుండా చెల్కలో పంట ఊసే ఎత్తొద్దని వినోదకు గట్టిగానే చెప్పింది.

చిలుకమ్మ తన చేనులో పార దింపింది. పార బంకమట్టిలో ఇరుక్కుంది. లాగితే రాదు. గట్టవతల వినోద పార చకచకా దిగుతోంది, చకచకా లేస్తోంది. నాలుగు గుంతలు అప్పుడే అయిపోయాయి. చిలుకమ్మకు కడుపులో పాత మంట మెల్లగా రాజుకుంది. దీని అదృష్టం చూడు అని తలెత్తేసరికి వినోద పని ఆపేసి ఇటే చూస్తోంది.

"ఏం చూస్తానవే?"

"ఏం లేదక్కా. నీ మట్టి నల్లగ ఎంత మంచిగుందో అని."

చిలుకమ్మ మళ్ళీ పార మీదికి వంగింది. మట్టి కలిపి, సంచిలో పోసి, మూతికి దారం చుట్టి రెండు ముళ్ళు వేసింది. ఎందుకైనా మంచిదని మూడోది కూడా వేసింది.